ఊరి పేరు కేటగిరీ కాదు, ట్యాగ్

నెల్లూరు, ఒంగోలు వైపు సొంతంగా వెబ్‌సైట్ నడిపేవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా ముందు థీమ్ గురించి, తర్వాత హోస్టింగ్ రేట్ల గురించి మాట్లాడి చివరికి అసలు విషయానికొస్తారు. రాసినవి పెరిగిపోయాయి, ఏది ఎక్కడుందో రాసినవాళ్ళకే దొరకడం లేదు, ఇప్పుడు కేటగిరీలు పెంచాలా లేక ట్యాగులు పెట్టుకుంటూ పోవాలా అని. దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మన రెండు జిల్లాల వాళ్ళ సైట్లలో నేను చూసిన గందరగోళం చాలావరకు ఒక్కచోటే మొదలవుతోంది, ఊరినీ జిల్లానీ తెచ్చి కేటగిరీ చేసేయడం దగ్గర. అందుకే ఈసారి విడిగా కూర్చుని రాస్తున్నాను.

ముందు రెండింటికీ తేడా ఏమిటో తేల్చుకుందాం. సైట్లు నడపడానికి మనలో చాలామంది వాడే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో కేటగిరీలు ముందు నుంచీ ఉన్నాయి, ట్యాగులు 2007లో వచ్చిన 2.3 వెర్షన్‌తో చేరాయి. కేటగిరీ కింద ఇంకో కేటగిరీ పెట్టుకోవచ్చు, దాని కింద మరొకటి. ట్యాగులకు అలా పైనా కిందా ఉండదు, అన్నీ సమానమే. ప్రతి పోస్టుకూ కనీసం ఒక కేటగిరీ ఉండి తీరాలి, మీరు ఇవ్వకపోతే అదే తీసుకెళ్ళి 'అన్‌కేటగరైజ్డ్'లో వేస్తుంది. ట్యాగ్ ఒక్కటి కూడా లేకపోయినా ఏమీ అనదు. సాఫ్ట్‌వేర్ వరకు తేడా ఇంతే. అలాంటిదే అయిన బ్లాగర్‌లో అయితే ఇదీ లేదు, అక్కడున్నవన్నీ లేబుళ్ళే. గోస్ట్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవన్నీ ట్యాగులే, వాటిలో మొదట పెట్టినదాన్ని ముఖ్యమైనదిగా తీసుకుంటుంది. కాబట్టి ఏది కేటగిరీ, ఏది ట్యాగ్ అన్నది సాఫ్ట్‌వేర్ చెప్పదు, మనమే తేల్చుకోవాలి. నేను తేల్చుకునే పద్ధతి ఇది: ఈ సైట్ దేని గురించి అని కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే చెప్పే జవాబు కేటగిరీ, ఈ ఒక్క పోస్టులో ఏమేం ఉన్నాయి అంటే చెప్పే జవాబు ట్యాగ్.

చెప్పుకోవడానికి తేలికే. మన ప్రాంతానికి వచ్చేసరికి చిక్కు పడుతుంది.

కావలిలో ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు ఉన్నారు. కోటలు, చెరువులు, గుళ్ళు, పాత పండుగలు, చేతిపనులు, ఇలా ఈ చుట్టుపక్కల సంగతులన్నీ ఓపిగ్గా తిరిగి, ఫొటోలు తీసి రాస్తుంటారు. ఆ సైట్ మొదట్లో ఇంకెవరో చేసిపెట్టారు. మెనూలో పైన నెల్లూరు జిల్లా, ప్రకాశం జిల్లా అని రెండు కేటగిరీలు, వాటి కింద మండలాల పేర్లతో పిల్ల కేటగిరీలు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాలోకి. కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది. మాస్టారు ఫోన్ చేశారు.

"అబ్బాయ్, కందుకూరు రాతలన్నీ ఇప్పుడు యాడ పెట్టాల? నేను రాసేటప్పుడు అది ప్రకాశం. ఇప్పుడు చదివేవాడికేమో నెల్లూరు."

"జిల్లా కేటగిరీలే తీసేద్దాం సార్."

"తీసేస్తే కందుకూరోళ్ళకు కందుకూరు ఎట్టా దొరుకుతుంది?"

సరైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. కందుకూరు అనే పిల్ల కేటగిరీని ప్రకాశం కింద నుంచి తీసి నెల్లూరు కింద పెట్టడం వర్డ్‌ప్రెస్‌లో నిమిషం పని, డ్రాప్‌డౌన్‌లో తల్లి కేటగిరీ పేరు మారిస్తే చాలు, లోపలి పోస్టులన్నీ దానితోపాటే వస్తాయి. ఆ మాటకొస్తే కొందరు అలాగే చేసుకున్నారు కూడా. కానీ మాస్టారి సైట్‌కు అసలు జబ్బు అది కాదు. ఆయన చెరువుల మీద ఎంతో రాశారు. కంభం చెరువు ఉంది, నెల్లూరు స్వర్ణాల చెరువు ఉంది, పల్లెల్లో ఎవరూ పట్టించుకోని చిన్న చెరువులు బోలెడున్నాయి. ఇవన్నీ వరసగా చదవాలనుకునేవాళ్ళు మండలం మండలం తెరిచి వెతుక్కోవాలి. ఏ మండలంలో చెరువు గురించి రాశారో ముందే తెలిసినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ అది సాధ్యం కాదు. జిల్లాలు మారకుండా ఉన్నా ఆ అమరిక పనికొచ్చేది కాదు. జిల్లాలు మారడంతో బయటపడిందంతే.

పైగా జిల్లా అనేది మన దగ్గర నిలకడగా ఉన్నదెప్పుడు? 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అప్పటిదాకా నెల్లూరు జిల్లాలో ఉన్న ఒంగోలు అందులోకి వెళ్ళింది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అప్పుడు నెల్లూరు నుంచి వెళ్ళిన కందుకూరు 2022లో మళ్ళీ నెల్లూరుకే వచ్చింది. నెల్లూరు పేరు కూడా 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. ఇక ఒంగోలు గిత్త సంగతి తీసుకోండి. మనకు ఒంగోలు జాతి, అదే బ్రెజిల్ వెళ్ళి అక్కడ నెలోర్ అయింది. దాని మీద వ్యాసం రాస్తే ఏ జిల్లా కేటగిరీలో పెడతారు? అది పశువుల గురించిన రాత. 'పాడీ పంటా' అన్న కేటగిరీలో పెట్టి ఒంగోలు, బ్రెజిల్ అని ట్యాగులిస్తే సరిపోతుంది, ఇంకో నలభై ఏళ్ళకు జిల్లా ఏదైనా ఆ పోస్టు జోలికి పోవాల్సిన పని ఉండదు.

ట్యాగ్ బలం ఎంతో చూడాలంటే ఉదయగిరి చాలు. కొండ మీద కోట ఉంది, గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను శ్రీకృష్ణదేవరాయలు చాలాకాలం ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. అదే ఊళ్ళో చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేస్తారు, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కోట మీద రాసింది 'కోటలు' కేటగిరీలోకి, గరిటెల మీద రాసింది 'చేతిపనులు'లోకి వెళ్తాయి. కోట గురించి చదివేవాళ్ళకు తర్వాత ఇంకో కోట చూపించాలి, గరిటెల గురించి చదివేవాళ్ళకు వెంకటగిరి చీరల నేత చూపించాలి, మార్కాపురం పలకలు చూపించాలి. ఆ పని కేటగిరీ చేస్తుంది. వచ్చే ఆదివారం ఉదయగిరి పోదామనుకుంటున్న మనిషికి మాత్రం కోటా కావాలి, గరిటెలూ కావాలి, ఆ దారిలో ఇంకేమున్నాయో కూడా కావాలి. ఆ పోస్టు కింద 'ఉదయగిరి' అన్న ట్యాగ్ కనిపిస్తుంది, నొక్కితే అన్నీ ఒకచోట వస్తాయి. మాస్టారు అడిగిన కందుకూరుకు కూడా ఇదే జవాబు. కందుకూరోళ్ళకు కందుకూరు ట్యాగ్‌లో దొరుకుతుంది, అది ఏ జిల్లాలో ఉందన్న గొడవ లేకుండా.

పెన్నా కూడా అంతే. సోమశిల జలాశయం 'సాగునీరు'లో ఉంటుంది, జొన్నవాడ కామాక్షమ్మ గుడి, నెల్లూరు రంగనాథస్వామి గుడి 'గుళ్ళు'లో ఉంటాయి, పెన్నా నీళ్ళతో వరి సాగు 'పాడీ పంటా'లో ఉంటుంది. ఏరు ఒకటే. మూడు కేటగిరీల్లో చెదిరిన రాతల్ని కలిపేది 'పెన్నా' అనే ట్యాగే. ఒక ట్యాగ్ మంచిదా కాదా అని నేను చూసే పరీక్ష కూడా ఇదే, వేరే వేరే కేటగిరీల్లో ఉన్న పోస్టుల్ని అది కలుపుతోందా? ఒక కేటగిరీలో ఉన్నవాటినే మళ్ళీ ఇంకోసారి చూపిస్తుంటే దాంతో పనిలేదు. 'గుళ్ళు' కేటగిరీ ఉండగా 'దేవాలయాలు' అని ట్యాగ్ పెట్టినవాళ్ళను చూశాను, ఆ రెండు పేజీల్లోనూ అవే పోస్టులు, అదే వరసలో.

ఈ ఆలోచన ఇంటర్నెట్‌తో పుట్టింది కూడా కాదు. గ్రంథాలయ శాస్త్రంలో మనవాళ్ళు ముందే చెప్పారు. అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లో ఇచ్చిన దశాంశ పద్ధతిలో పుస్తకానికి ఒక అంకె, అంకెను బట్టి అలమారలో ఒక చోటు. తమిళనాడులోని షియాళిలో పుట్టి మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ దాంతో సరిపెట్టుకోలేదు. ఏ విషయానికైనా చాలా ముఖాలుంటాయి, అసలు విషయం ఒకటి, అది దేంతో తయారైంది, దాంట్లో జరిగే పని ఏమిటి, ఏ చోటు, ఏ కాలం, ఇలా విడదీసి ఒక్కో ముఖానికీ విడిగా గుర్తు ఇవ్వాలన్నారు. 1933లో వచ్చిన ఆయన కోలన్ వర్గీకరణ అదే. అందులో చోటు, కాలం అనేవి అసలు విషయం నుంచి వేరుగా ఉంటాయి. నేను ఊరి పేరును ట్యాగ్‌లో పెట్టమనేది కూడా అందుకే. ఉదయగిరి అనేది చోటు, కోట అనేది విషయం, 1514 అనేది కాలం. ఈ మూడింటినీ ఒక్క మెనూలో కుక్కితే ఏదో ఒకటి నలిగిపోతుంది.

దీనికి మినహాయింపు ఒకటుంది. ఊరి వార్తల సైట్ నడిపేవాళ్ళకు ఊరే కేటగిరీ. కావలి వార్తల కోసం వచ్చేవాళ్ళు కావలి అని వెతుక్కునే వస్తారు, కరెంటు కోతా, మున్సిపాలిటీ నీళ్ళూ, బస్సుల టైములూ అన్నీ వాళ్ళకు కావలిలోనే కావాలి. అప్పుడు కూడా పట్టణం పేరు పెట్టుకోండి, జిల్లా పేరు వద్దు.

కేటగిరీలు ఎన్ని ఉండాలంటే, మెనూలో ఫోన్ తెర మీద ఒక్క చూపులో కనిపించేటన్ని. నా లెక్కలో ఆరేడు, మహా అయితే పది. ఏడాది తర్వాత కూడా దీని మీద రాస్తూ ఉంటానా అని ఒక్కోదాన్నీ అడగండి, రాయను అనిపిస్తే అది కేటగిరీ కాదు. పిల్ల కేటగిరీ తొందరపడి తెరవొద్దు. మా అక్క ఒంగోలులో వంటల సైట్ నడుపుతుంది. కూరలు, పులుసులు, పచ్చళ్ళు, టిఫిన్లు, పిండివంటలు అని ఆమె కేటగిరీలు వంటింట్లో ఎలా మాట్లాడుకుంటామో అలాగే ఉన్నాయి. మామిడికాయ అనేది ట్యాగ్. ఎందుకంటే మామిడికాయ పప్పు కూరల్లో ఉంది, పులిహోర టిఫిన్లలో ఉంది, ఆవకాయ పచ్చళ్ళలో ఉంది, నెల్లూరు చేపల పులుసులో కూడా మామిడికాయ ముక్కలు పడాల్సిందే. వేసవిలో చెట్టుకాయలు ఇంట్లో పోగుపడ్డప్పుడు వీటితో ఏం చేద్దామా అనుకునే ఆడవాళ్ళకు ఆ ట్యాగ్ పేజీ అంత ఉపయోగపడే పేజీ ఆ సైట్‌లో ఇంకోటి లేదు. దినుసు ట్యాగ్, వంటకం రకం కేటగిరీ. వంటల సైట్ పెట్టేవాళ్ళెవరైనా కళ్ళు మూసుకుని ఇదే పాటించవచ్చు.

ఒక పోస్టుకు ఒక్క కేటగిరీయే ఇవ్వండి. వర్డ్‌ప్రెస్ ఎన్నయినా పెట్టనిస్తుంది, అయినా సరే. నెల్లూరు రొట్టెల పండుగ మీద రాసినప్పుడు మాస్టారికి ఈ అనుమానం వచ్చింది. మొహర్రం సమయంలో బారా షహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె అని ఒక్కో కోరికకు ఒక్కోటి, కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి ఆ రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్ళు అందుకుంటారు. కులమతాలతో పనిలేకుండా అందరూ వస్తారు. ఇది 'పండుగలు'లోనా, 'దర్గాలు'లోనా, 'చెరువులు'లోనా? మూడింట్లోనూ టిక్ పెట్టేయాలని చెయ్యి లాగుతుంది. అలా పెడుతూ పోతే కొన్నాళ్ళకు ప్రతి కేటగిరీలోనూ అన్నీ ఉంటాయి. చదివినవాళ్ళు దీన్ని పండుగగానే గుర్తుపెట్టుకుంటారు, కాబట్టి పండుగలు. బారా షహీద్ దర్గా, స్వర్ణాల చెరువు, మొహర్రం, నెల్లూరు, ఇవన్నీ ట్యాగులు. తరచూ ఇలా రెండు కేటగిరీల మధ్య ఊగిసలాడాల్సి వస్తుంటే లోపం పోస్టులో లేదు, ఆ రెండు కేటగిరీల్లో ఒకటి అనవసరం.

ఇక తెలుగులో ట్యాగులు రాసేవాళ్ళకు మాత్రమే ఉండే తలనొప్పి స్పెల్లింగ్. సూళ్ళూరుపేట అని ఒకసారి, సూళ్లూరుపేట అని ఇంకోసారి. మైపాడు, మయిపాడు. రొట్టెల పండుగ, రొట్టెల పండగ. చేపల పులుసు విడదీసి ఒకసారి, కలిపి ఒకసారి. మనిషికి అన్నీ ఒకటే, వర్డ్‌ప్రెస్‌కు దేనికదే కొత్త ట్యాగ్, దేనికదే కొత్త పేజీ. పులికాట్ ఫ్లెమింగోల మీద రాసినవి సగం ఒక సూళ్ళూరుపేటలో, సగం ఇంకో సూళ్లూరుపేటలో పడి ఉంటాయి. ట్యాగ్ రాయడం మొదలుపెట్టగానే కింద పాతవి సూచనగా చూపిస్తుంది, అందులోంచే తీసుకోండి. గూగుల్ షీట్‌లో ట్యాగుల జాబితా ఒకటి పెట్టుకుని, అందులో లేనిది పోస్టులో పెట్టకూడదని నియమం పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇద్దరు ముగ్గురు కలిసి రాసే సైట్‌కు ఇది తప్పనిసరి.

ఒక్క పోస్టు కోసం ట్యాగ్ పుట్టించొద్దు. అదే మాట మూడో పోస్టులో కూడా వచ్చినప్పుడు ట్యాగ్ చేసి, పాత రెండింటికీ కలపండి. ప్రతి ట్యాగ్‌కూ వర్డ్‌ప్రెస్ ఒక పేజీ తయారుచేస్తుందని చాలామంది గమనించరు, ఒక్కో పోస్టున్న వందల పేజీలు సైట్‌లో ఊరికే పడి ఉంటే చదివేవాళ్ళకూ ఉపయోగం లేదు, గూగుల్‌కూ ఉపయోగం లేదు. ట్యాగులు ఎక్కువ పెడితే గూగుల్‌లో పైకి వస్తామన్న నమ్మకం ఒకటి ఇంకా తిరుగుతోంది. అది పాత కాలపు మెటా కీవర్డ్స్ నుంచి వచ్చింది. పేజీ వెనక దాచి రాసే ఆ కీవర్డ్స్‌ను ర్యాంకింగ్‌కు అసలు తీసుకోమని గూగుల్ 2009లోనే చెప్పేసింది. పోస్టు కింద పాతిక ట్యాగులు కుప్పపోస్తే ఎవరూ ఒక్కటీ నొక్కరు. నాలుగైదు ఉంటే నొక్కుతారు.

స్లగ్ విషయం కూడా చెప్పాలి, అంటే వెబ్ అడ్రస్ చివర ఆ పేజీకి వచ్చే పేరు, దీని గురించి తెలుగులో ఎవరూ రాయడం లేదు. కేటగిరీ, ట్యాగ్ పేర్లు తెలుగులో పెట్టండి, స్లగ్ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. అడ్రస్‌లోకి వెళ్ళేసరికి ఒక్కో తెలుగు అక్షరం పర్సంట్ గుర్తులూ అంకెలూ కలిసి 9 గుర్తులవుతుంది, గుణింతం గుర్తుకు వేరే 9, ఒత్తుకు వేరే 18. వర్డ్‌ప్రెస్‌లో స్లగ్‌కు ఉన్న చోటు 200. అంటే ఇలాంటి తొమ్మిదులు 22 దాటితే కత్తెర పడుతుంది. 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా' అని ట్యాగ్ పెడితే నెల్లూరులో 'న' దగ్గరే స్లగ్ తెగిపోతుంది. ఆ లింకును వాట్సాప్‌లో పంపితే మూడు నాలుగు వరసల చెత్త కనిపిస్తుంది, అది చూసి ఏదో వైరస్ లింక్ అనుకుని నొక్కనివాళ్ళు నాకు తెలుసు.

ఇప్పటికే అంతా కలిసిపోయి ఉన్నవాళ్ళు టెన్షన్ పడాల్సింది లేదు. కేటగిరీని తీసేస్తే పోస్టులు పోవు, ఆ ఒక్కటే కేటగిరీగా ఉన్న పోస్టులు డిఫాల్ట్ కేటగిరీలోకి, అంటే అన్‌కేటగరైజ్డ్‌లోకి వెళ్తాయి. అయినా ముందు బ్యాకప్ తీసుకోండి. ఊళ్ళ పేర్లతో ఉన్న కేటగిరీలను ట్యాగులుగా మార్చడానికి టూల్స్‌లో ఇంపోర్ట్ కింద కేటగిరీలు, ట్యాగుల కన్వర్టర్ దొరుకుతుంది, ఒక్కో పోస్టూ తెరవాల్సిన పని లేదు. అది నడిపే ముందే ప్రతి పోస్టుకూ అసలు కేటగిరీ, అంటే కోటలో చెరువులో పండుగలో, చాలా పోస్టుల్ని ఒకేసారి మార్చే బల్క్ ఎడిట్‌తో కలిపేయండి, లేకపోతే అన్నీ పోయి అన్‌కేటగరైజ్డ్‌లో పడతాయి. ఆ అన్‌కేటగరైజ్డ్ పేరు కూడా మార్చుకోండి, డిఫాల్ట్‌ను తీసేయనివ్వదు గానీ పేరు మార్చనిస్తుంది. పాత కేటగిరీ పేజీల లింకులు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి కాబట్టి వాటిని నొక్కినా కొత్త ట్యాగ్ పేజీలే తెరుచుకునేలా రీడైరెక్ట్ చేయడం మర్చిపోవద్దు.

మాస్టారి సైట్‌కు ఇంకో మెట్టు ఎక్కాల్సి వచ్చింది. ఊళ్ళ పేర్లు, రాజుల పేర్లు, నదుల పేర్లు ఒక్క ట్యాగుల కుప్పలో కలిసిపోతే ఆయనలాంటి చరిత్ర రాసేవాళ్ళకు చాలదు. వర్డ్‌ప్రెస్‌లో కేటగిరీ, ట్యాగ్ కాక మనమే ఇంకో వర్గీకరణ సృష్టించుకోవచ్చు, వర్డ్‌ప్రెస్‌కు అదనంగా తగిలించుకునే ప్లగిన్‌తో కోడ్ రాయకుండానే అవుతుంది. 'ఊరు' అని ఒకటి విడిగా చేశాం. పోస్టు రాసే తెర పక్కన ఇప్పుడు కేటగిరీ, ట్యాగ్, ఊరు అని మూడు పెట్టెలు కనిపిస్తాయి. మెనూలో పైన కోటలు, చెరువులు, గుళ్ళు, పండుగలు, చేతిపనులు, పాడీ పంటా, సాగునీరు, దర్గాలు ఉన్నాయి, కింద ఫుటర్‌లో అకారాది క్రమంలో ఊళ్ళ జాబితా ఉంది. జిల్లాల పేర్లు ఆ సైట్‌లో ఎక్కడా మెనూగా లేవు. మొన్న గుండ్లకమ్మ మీద రాస్తూ మళ్ళీ ఫోన్ చేశారు, "ఏరు ఊరు కాదు గదా, దాన్ని ఏ పెట్టెలో వేసేది?" అని. ట్యాగ్‌లోనే వేయమన్నాను సార్‌ని, పెన్నా పక్కన.